ఏ రమాబాయి?

ఫిబ్రవరి 7 వచ్చిందంటే తెలుగు ఫేస్‌బుక్ నిండా రమాబాయి అంబేద్కర్ జయంతి పోస్టులే. మంచిదే. కానీ వాటిలో తరచూ కనిపించే తప్పొకటి ఉంది. కత్తిరించిన జుట్టు, తెల్లచీరతో ఉన్న ఒకావిడ ఫొటో పెట్టి, కింద 'మాతా రమాబాయి అంబేద్కర్' అని రాసేస్తారు. ఆ ఫొటోలో ఉన్నది పండిత రమాబాయి. నెల తిరగ్గానే మార్చి 8 వస్తుంది, అప్పుడు ఇంకో రకం: 'పుణెలో సేవాసదన్ నడిపి, బైబిల్‌ని మరాఠీలోకి తెచ్చిన సంఘ సంస్కర్త రానడే సతీమణి రమాబాయి'. సేవాసదన్ రానడే భార్యది. బైబిల్ అనువాదం పండితది. ఇద్దరి జీవితాలని ఒక్క వాక్యంలో కుక్కేసి, రెండింటికీ ఒకే మొగుణ్ణి ఇచ్చేశారన్నమాట.

రాసినవాళ్ల తొందరపాటు ఇందులో ఉంది గానీ, తప్పంతా వాళ్లది కాదు. ఈ పేర్లు కలగాపులగం అయ్యేలాగే పెట్టారు. పెళ్లినాడు, అత్తింట్లో, ఒక ఆచారం ప్రకారం. ఆ ఆచారం ఎలా పనిచేసిందో చూడకుండా 'ఫలానా మహానుభావుడి భార్య' అనే గుర్తొక్కటే పట్టుకుని వెళ్తే ఎంత జాగ్రత్తగా రాసినా పప్పులో కాలేస్తాం. చరిత్రలో ఒక ఆడమనిషిని పట్టుకోవాలంటే మొదట అడగాల్సింది ఆమె భర్త ఎవరని కాదు, పుట్టింటివాళ్లు పెట్టిన పేరేమిటని. ఇదీ నా వాదన.

ముందు రమాబాయిల లెక్క తేల్చుకుందాం. మొదటి మాధవరావు పీష్వా భార్య ఒక రమాబాయి. న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడే భార్య ఒక రమాబాయి. డాక్టర్ భీమరావ్ రామ్‌జీ అంబేద్కర్ మొదటి భార్య ఒక రమాబాయి. వీళ్లు కాక, ఎవరి భార్యగానూ పేరు పడని పండిత రమాబాయి. నలుగురూ మరాఠీవాళ్లే. వీళ్లలో రానడే రమాబాయీ పండితా ఒకే కాలంలో ఒకే ఊళ్లో ఉన్నవాళ్లు.

పీష్వా రమాబాయి గురించి చరిత్ర చెప్పేది తక్కువ. ఆ తక్కువలో కూడా ఎక్కువ భాగం ఆమె చావు గురించే. 1761 జనవరిలో పానిపట్టులో చావుదెబ్బ తిన్న మరాఠా రాజ్యాన్ని అదే ఏడు, పదహారేళ్ల వయసులో చేతికి తీసుకుని, పదకొండేళ్లలో మళ్లీ నిలబెట్టినవాడు మాధవరావు. క్షయ వచ్చి 1772 నవంబరు 18న పుణె దగ్గర థేఊర్‌లో, చింతామణి గణపతి గుడి దగ్గర పోయాడు. ఆమె అక్కడే సహగమనం చేసింది. ఆ ఊళ్లో ఆమె పేర స్మారకం ఉంది. ఫొటోలు లేని కాలం కాబట్టి ఆమెదంటూ ఏ ఫొటో కనిపించినా అది ఏ సీరియల్ నుంచో, ఏ సినిమా నుంచో తీసిందే.

రానడే రమాబాయి కథ వేరు. 1873లో రానడే మొదటి భార్య సఖూబాయి చనిపోయింది. అప్పటికే ఆయన వితంతు వివాహాల తరఫున గట్టిగా నిలబడ్డ మనిషి, వయసు ముప్పై ఒకటి. స్నేహితులంతా ఆయన వితంతువునే చేసుకుంటాడనుకున్నారు. తండ్రి పట్టుబట్టి ఆ ఏడాది డిసెంబరులోనే పదకొండేళ్ల పిల్లని తెచ్చి పెళ్లి చేశాడు. కొడుకు ఎదురు చెప్పలేకపోయాడు. సంస్కర్తలు ముఖాన్నే నవ్వారు. నవ్వాల్సిందే కూడా. ఆ పిల్ల సాంగ్లీ వైపు దేవరాష్ట్రే గ్రామంలో కుర్లేకర్ల ఇంట పుట్టిన యమున. పుణెకి వచ్చాక రమాబాయి అయింది. అక్షరం రాకుండా వచ్చిన ఆమెకి రానడే స్వయంగా మరాఠీ, తర్వాత ఇంగ్లీషు నేర్పాడు. ఇంగ్లీషు చదువుతోందని ఇంట్లో పెద్దాడవాళ్లు పెట్టిన రాపిడి ఆమే రాసుకుంది. 1901 జనవరి 16న రానడే పోయాడు. ఆమె ఇంకో ఇరవై మూడేళ్లు బతికింది. 1909లో పుణె సేవాసదన్ మొదలుపెట్టి నడిపింది. అక్కడ ఆడవాళ్లకి, ముఖ్యంగా వితంతువులకి, టీచరు పని, నర్సు పని నేర్పించారు. 1910లో భర్తతో గడిపిన రోజుల జ్ఞాపకాలు మరాఠీలో అచ్చువేసింది. పుణెలో ఆడపిల్లలకి కూడా నిర్బంధ ప్రాథమిక విద్య కావాలని, బొంబాయి ప్రెసిడెన్సీలో ఆడవాళ్లకి ఓటు కావాలని చివరి ఏళ్లలో తిరిగింది. 1924లో చనిపోయింది.

ఇక పండిత రమాబాయి. 1858 ఏప్రిల్ 23న పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే. భార్యకి సంస్కృతం నేర్పినందుకు తోటి బ్రాహ్మణులతో గొడవపడి అడవిలో కాపురం పెట్టినాయన. ఆ తర్వాత కుటుంబమంతా పురాణాలు చెప్పుకుంటూ దేశం మీద నడిచింది. 1870ల కరువులో తల్లీతండ్రీ పోయారు. అన్న శ్రీనివాసుతో నడిచి నడిచి 1878లో కలకత్తా చేరితే, అక్కడి పండితులు ఆమె సంస్కృతం విని 'పండిత' అనీ 'సరస్వతి' అనీ బిరుదులిచ్చారు. 1880లో అన్న కూడా పోయాక బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలుని సివిల్ వివాహం చేసుకుంది. ఆయన బ్రాహ్మడు కాదు. కూతురు మనోరమ పుట్టిన కొన్ని నెలలకే, 1882 ఫిబ్రవరిలో, ఆయన కలరాతో చనిపోయాడు. కాపురం నిండా రెండేళ్లు లేదు. ఆమె మాత్రం 1922 దాకా ఉంది.

అసలు చిక్కు 1882లో పడింది. పండిత ఆ ఏడు పుణెకి వచ్చి ఆర్య మహిళా సమాజం పెట్టింది. రానడే వర్గం ఆమెని నెత్తిన పెట్టుకుంది. ఆ సమాజానికి వెళ్లేవాళ్లలో రానడే రమాబాయి ఒకతె. పండితకి ఇరవై నాలుగు, ఈమెకి ఇరవై. ఒకే గదిలో ఇద్దరు రమాబాయిలు, ఒకరు ఉపన్యసిస్తుంటే ఇంకొకరు వింటూ. ఆ సభలకి వెళ్లొచ్చినందుకు రానడే రమాబాయి ఇంట్లో మాటలు పడింది. అందువల్ల 1882, 83 నాటి పుణె విషయాల్లో ఉత్త 'రమాబాయి' అని కనిపిస్తే, ఉపన్యాసమిచ్చినావిడా, హంటర్ విద్యా కమిషన్ ముందు సాక్ష్యం చెప్పినావిడా పండితే. అక్కడ 'రానడే' అని అతికించకండి. 1883లో పండిత ఇంగ్లండు వెళ్లి అక్కడ క్రైస్తవం తీసుకుంది. అప్పటినుంచి ఇద్దరి దారులూ వేరయ్యాయి.

అంబేద్కర్ రమాబాయి వీళ్ల తర్వాతి తరం, వేరే లోకం. 1898 ఫిబ్రవరి 7న, దాపోలీ దగ్గర వణంద్ గ్రామంలో పుట్టింది. తండ్రి భికూ ధోత్రే దాభోళ్ రేవులో చేపల బుట్టలు మోసి ఇల్లు గడిపేవాడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే పినతండ్రి, మేనమామ బొంబాయి బైకళాకి తీసుకొచ్చి పెంచారు. 1906 ప్రాంతంలో, బైకళా మార్కెట్‌లో అమ్మకాలు ముగిసి జనం వెళ్లిపోయాక, ఆ షెడ్డులోనే పెళ్లయింది. పిల్లకి ఎనిమిదో తొమ్మిదో, పిల్లాడికి పద్నాలుగో పదిహేనో. 1935 మే 27న దాదర్‌లోని తమ ఇల్లు రాజగృహలో చనిపోయింది. పై ముగ్గురూ భర్తల చావు చూశారు. ఈమె ఒక్కతే ముందు వెళ్లిపోయింది.

ఇప్పుడు పేర్ల సంగతి. మరాఠీ పెళ్లిలో, కొత్త కోడలు గడప దాటి లోపలికి వచ్చాక లక్ష్మీపూజ చేసి, పళ్లెంలో బియ్యం పరిచి, అందులో వరుడు ఉంగరంతో ఆమె కొత్త పేరు రాస్తాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఆమె అదే. పుట్టింటి పేరు పుట్టింట్లోనే ఆగిపోతుంది. ఇంటిపేరు ఎలాగూ మారుతుంది, మధ్యలో తండ్రి పేరుండే చోట భర్త పేరు వస్తుంది, ఇప్పుడు మొదటి పేరు కూడా పోయింది. మూడు ముక్కల పేరులో మూడూ కొత్తవే. అత్తింట్లో అడుగుపెట్టిన రోజు తర్వాతి కాగితాల్లో ఆ పిల్లని పాత పేరుతో వెతికితే దొరకదు.

పంతొమ్మిదో శతాబ్దపు మరాఠీ బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టింటి పేర్లనీ అత్తింటి పేర్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ధోరణి కళ్లకి కడుతుంది. రానడే భార్య యమున. అమెరికాలో వైద్యం చదివిన ఆనందీబాయి జోషి కూడా పుట్టింట్లో యమునే. ధోండో కేశవ్ కర్వే రెండో భార్య ఆనందీబాయి పుట్టింట్లో గోదూబాయి, అంటే గోదావరి. లోకమాన్య తిలక్ భార్య సత్యభామాబాయి పుట్టింట్లో తాపీ, అదీ నదే. ఝాన్సీ లక్ష్మీబాయి చిన్నప్పుడు మణికర్ణిక, కాశీలో గంగ ఒడ్డున ఉన్న ఘాటు పేరు. కవి నారాయణ వామన్ తిలక్ భార్య లక్ష్మీబాయి కూడా పుట్టింట్లో మణికర్ణికే. నదుల పేర్లతో, తీర్థాల పేర్లతో పుట్టిన పిల్లలు అత్తింటికి వెళ్లి రమ, లక్ష్మి, ఆనంది, సత్యభామ అయ్యారు.

కొత్త పేరు ఎలా ఎంచేవాళ్లన్నదానికి కొన్ని జంటల్లో జవాబు కనపడుతూనే ఉంది. నారాయణ్ తిలక్ భార్య లక్ష్మి. లోకమాన్యుడికి పెట్టిన పేరు కేశవ్ (బాళ్ అన్నది పిలుపు), భార్య సత్యభామ. రానడే పేరు మహాదేవే అయినా జనం నోట మాధవరావు, ఆయన భార్య రమ. నూరేళ్ల ముందు పీష్వా కూడా మాధవరావే, ఆయన భార్యా రమే. దేవుడి పేరు మొగుడికుంటే ఆ దేవుడి భార్య పేరు పెళ్లానికి. మాధవరావులు ఎందరుంటే అందరు రమాబాయిలు పుట్టుకొస్తారు. అన్ని జంటలకీ ఈ సూత్రం నప్పదు, గోపాళరావు జోషి భార్యకి యమున కన్నా మంచి జోడీ పేరేముంటుంది, అయినా ఆనంది అని మార్చారు. కానీ నా ఉద్దేశంలో ఒకే పేరు ఇన్ని ప్రసిద్ధ ఇళ్లలో తగలడానికి పెద్ద కారణం ఇదే. పుట్టింట్లో పేరు ఆ పిల్లది. అత్తింట్లో పేరు ఆ కుర్చీది.

ఇది మరాఠీవాళ్ల వింత అనుకుని నవ్వుకునే వీలు మనకి లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన కందుకూరి వీరేశలింగం ఇంట్లో, వంటమనుషులు పని మానేసినా, బంధువులు వెలివేసినా ఆ పెళ్లిళ్ల భారమంతా మోసిన రాజ్యలక్ష్మి గారు పుట్టింట్లో బాపమ్మ. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది, అది మారడం అందరికీ తెలుసు. అసలు పేరు కూడా మారేదన్న సంగతి మర్చిపోతాం. యూరప్‌లో పుట్టినవాళ్లయినా దీన్ని తప్పించుకున్నారనుకోకండి: పరమవీర చక్ర పతకాన్ని గీసిన సావిత్రీబాయి ఖానోల్కర్ స్విట్జర్లాండులో ఈవ్ ఇవాన్ మడేగా పుట్టి, మరాఠీ సైనికాధికారిని పెళ్లాడి సావిత్రీబాయి అయింది. సావిత్రీబాయి ఫూలే గురించి రాసే పోస్టుల్లోకి ఈవిడ ఇంకా రాలేదు, సంతోషం.

ఆనందీబాయిల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే రమాబాయిల గొడవ కన్నా ఇది చిక్కనైనది. మొదటి ఆనందీబాయి రఘునాథరావు పీష్వా భార్య. 1773 ఆగస్టు 30న శనివార్ వాడాలో నారాయణరావు హత్యకి కారణమని, 'పట్టుకోండి' అన్న ఉత్తర్వులో ఒక్క అక్షరం దిద్ది 'చంపండి' చేసిందని లోకం చెప్పుకునే ఆవిడ. దిద్దిందన్నది జనం నోట ఉన్న కథ, హత్య మాత్రం నిజం. రెండో ఆవిడ ఆనందీబాయి గోపాళరావ్ జోషి. 1865 మార్చి 31న కల్యాణ్‌లో పుట్టి, తొమ్మిదేళ్లకి పెళ్లయి, పద్నాలుగేళ్లకి బిడ్డని కని పది రోజులకే పోగొట్టుకుని, ఆ చావే కారణంగా వైద్యం చదవాలని 1883లో భర్త తోడు లేకుండా ఓడెక్కింది. 1886 మార్చి 11న పెన్సిల్వేనియా ఉమెన్స్ మెడికల్ కాలేజీలో ఎం.డి. పట్టా తీసుకుంది. ఆ పట్టా పండుగకి ఇంగ్లండు నుంచి వెళ్లినావిడ పండిత రమాబాయి, దూరపు బంధువు కూడా. కొల్హాపూర్‌లో ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రి ఉద్యోగం ఎదురుచూస్తుండగానే 1887 ఫిబ్రవరి 26న క్షయతో పుణెలో చనిపోయింది, ఇరవై రెండు నిండకుండా.

మూడో ఆవిడ గోదూబాయి. బాలవితంతువు. పండిత రమాబాయి 1889 మార్చి 11న బొంబాయిలో తెరిచిన శారదా సదన్‌లో తొలి రోజుల్లో చేరిన వితంతువుల్లో ఒకతె. ఫెర్గూసన్ కాలేజీలో లెక్కలు చెప్పే కర్వే, భార్య రాధాబాయి పోయాక, రానడే చేయలేని పని చేశాడు: 1893 మార్చి 11న వితంతువునే పెళ్లాడాడు. సొంతూరు మురుడ్ వెలివేసింది. ఆ పెళ్లితోనే గోదూబాయి ఆనందీబాయి అయింది. ఇంట్లో ఆమె పిలుపు బాయా. (మూడు సంగతులూ మార్చి 11నే. కలిసొచ్చిన తేదీలే అనుకోండి, కానీ తేదీ చూసి మనిషిని గుర్తుపడదామనుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.)

ఇక్కడ నాకు మింగుడు పడనిదొకటి ఉంది. వెలికి సిద్ధపడి, ఆస్తికీ పరువుకీ తెగించి వితంతువుని పెళ్లాడిన మనిషి కూడా ఆమె పేరుని అలాగే వదిలేయలేదు. ఆచారంలో అంత పెద్ద బండని పగలగొట్టిన చేయి ఈ చిన్న రాయిని ముట్టుకోలేదు. అది చిన్నదనిపించింది కాబట్టే.

సరే, రాసేవాళ్లకి పనికొచ్చే సంగతులు. మొట్టమొదట చూడాల్సింది మధ్యపేరు. మరాఠీలో పేరు, భర్త లేదా తండ్రి పేరు, ఇంటిపేరు, ఈ వరసలో ఉంటాయి: రమాబాయి మహాదేవ రానడే, రమాబాయి భీమరావ్ అంబేద్కర్, ఆనందీబాయి గోపాళరావ్ జోషి. మనవాళ్లు తెలుగులోకి తెచ్చేటప్పుడు మొదట విసిరేసేది ఆ మధ్యముక్కనే, గుర్తుపట్టడానికి పనికొచ్చేది అదొక్కటే అయినా. ఇంటిపేరొక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో లక్ష్మీబాయి తిలక్ దగ్గర తెలుస్తుంది. ఆమెని లోకమాన్య తిలక్ భార్యగా రాసేవాళ్లు ఉన్నారు. కాదు, ఆమె భర్త క్రైస్తవుడైన కవి నారాయణ వామన్ తిలక్. ఆమె కూడా తర్వాత ఆ మతం తీసుకుంది, మరాఠీలో ఆత్మకథల్లో మొదట చెప్పుకునే పుస్తకం ఆమెదే. లోకమాన్యుడి భార్య సత్యభామాబాయి. ఆయన మాండలే జైల్లో ఉండగా 1912లో ఆమె పుణెలో కన్నుమూసింది.

రెండోది అక్షరాల తేడా. రోమన్ లిపిలో హ్రస్వం, దీర్ఘం ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఇంగ్లీషు పేజీ చూసి తెలుగు చేసేవాళ్లు 'రామాబాయి' అని రాస్తున్నారు. రమ, రాముడు కాదు. 'రానడే'ని 'రణడే' అనీ 'రనాడే' అనీ రాస్తారు. 'జోషి' ఇంగ్లీషులో రెండు ఇ-లతో కూడా కనిపిస్తుంది, ఆనందీబాయి సంతకమే అలా. 'మేధావి'ని 'మేధ్వి' అన్నా ఆయనే. తెలుగులో వెతికేటప్పుడు రెండు మూడు రూపాల్లో వెతకాలి, రాసేటప్పుడు మరాఠీ నాగరి లిపిలో ఎలా ఉందో చూసి రాయాలి. నాగరిలో దీర్ఘం దాక్కోదు.

సంస్థల పేర్లు మూడోది. శారదా సదన్, ముక్తి సదన్ అంటే పండిత. శారదా సదన్ బొంబాయిలో మొదలై మరుసటేడు పుణెకి మారింది. 1896-97 కరువులో దిక్కులేని ఆడపిల్లలని తీసుకొచ్చి చేర్చాక పుణె జిల్లా కేడ్‌గావ్‌లో ముక్తి పెరిగింది. సేవాసదన్ అంటే రానడే రమాబాయి. రెండూ 'సదన్‌'లే, రెండూ పుణెవే, రెండింట్లో వితంతువులే, కలిపేయడం ఎంత తేలికో చూడండి. ఆర్య మహిళా సమాజం పెట్టింది పండిత, అందులో పనిచేసింది ఇద్దరూ. తపాలా బిళ్ల చూసి రాసేవాళ్లకి: 1962లో శతజయంతికి వచ్చిన బిళ్ల రమాబాయి రానడేది, 1989లో వచ్చింది పండితది. చనిపోయిన సంవత్సరాలు 1924, 1922. రెండేళ్ల తేడానే కాబట్టి తారుమారు కావడానికి ఇదీ అనువైన చోటే. 'రమాయి', 'మాతా రమాబాయి', 'త్యాగవంతి రమాబాయి' అని ఉంటే అది ఎప్పుడూ అంబేద్కర్ రమాబాయే. ముంబయి ఘాట్‌కోపర్‌లో 1997 జులై 11న పోలీసు కాల్పుల్లో పదిమంది దళితులు చనిపోయిన రమాబాయి నగర్ ఆమె పేరు మీద ఉన్నదే.

ఫొటోలకి వస్తే, పండితది పట్టుకోవడం తేలిక: కత్తిరించిన జుట్టు, తెల్లబట్ట, ముక్కుసూటి చూపు. అంబేద్కర్ రమాబాయివి దొరికే ఫొటోలు కొద్ది. రాజగృహలో తీసిన ఇంటిల్లిపాది ఫొటోలో ఆమె ఉంది. ఆ ఫొటోలో ఇంకో స్త్రీ కూడా ఉంది, ఆమె అంబేద్కర్ అన్నగారి భార్య. ఆమె పేరు లక్ష్మీబాయి, ఇంకేం ఉంటుంది.

ఈ జాగ్రత్తలన్నీ పాటించినా మిగిలే ఇబ్బంది ఒకటుంది. మనుషులని సరిగ్గా గుర్తుపట్టినా, వాక్యం మాత్రం 'ఫలానా ఆయన భార్య' దగ్గరే ఆగిపోతుంది. భర్త పేరు రాయొద్దని నేను అనడం లేదు. మధ్యపేరే ఆధారమని ఇప్పుడే చెప్పాను కదా. ఒక్కసారి రాయండి, చిరునామాలో వీధి పేరు రాసినట్టు. తర్వాత వాక్యంలో ఆమె చేసిన పనికి ఒక క్రియ కావాలి. రానడే రమాబాయికి నడిపింది, రాసింది, ఓటడిగింది. పండితకి వాదించింది, కట్టింది, అనువదించింది. పండితని ఎవరి భార్యగానూ ఎవరూ చెప్పకపోవడానికి ఒక కారణం, ఆమె పేరు ఎవరూ మార్చకపోవడం. తండ్రి పెట్టిన రమే పెళ్లయినా, బాప్టిజం తీసుకున్నా నిలబడింది. అందుకే ఆమెకి మనం లేని మొగుణ్ణి వెతికి రానడేని ఇస్తున్నట్టున్నాం.

అంబేద్కర్ రమాబాయి దగ్గరికొచ్చేసరికి మన దగ్గర క్రియలు అయిపోతాయి, 'త్యాగం' అన్న ఒక్క మాట మిగులుతుంది. ఆ మాట నాకు ఇష్టం లేదు. తప్పని కాదు, లెక్క చెప్పకుండా దాటేస్తుందని. 1913 నుంచి 1917 దాకా భర్త న్యూయార్కులో, లండనులో. మళ్లీ 1920 నుంచి 1923 దాకా లండనులో. ఆ ఏళ్లన్నీ బొంబాయి చాల్‌లో, అంటే ఇరుకు గదుల వరస ఇళ్లలో, ఇల్లు గడిపింది ఆమె. అయిదుగురు పిల్లల్లో యశ్వంత్ ఒక్కడే మిగిలాడు, నలుగురు చిన్నతనంలోనే పోయారు. కొలంబియా డిగ్రీ వెనక, లండన్ డి.ఎస్సీ. వెనక ఉన్న ఇంటి ఖర్చు ఇది. ఎవరు కట్టారో అంబేద్కర్‌కి తెలుసు. పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని 'రాము' స్మృతికి అంకితం ఇచ్చి, తమకి స్నేహితులు లేని రోజుల్లో తనతో కలిసి బాధపడటానికి సిద్ధపడినందుకు అని అందులోనే రాశాడు. 'త్యాగమూర్తి' అని పోస్టు పెట్టే బదులు పైన చెప్పిన ఏళ్లూ ఊళ్లూ రాస్తే చాలు, చదివేవాళ్లకి అర్థమవుతుంది.

ఇంతకీ 'అంబేద్కర్ భార్య' అన్నా ఒక్కరు కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకుంటున్నప్పుడు పక్కన నిలబడి ఉన్నావిడని రమాబాయి అని రాస్తున్నారు. రమాబాయి పోయి అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ఆ నిలబడ్డావిడ కూడా పెళ్లిలో పేరు మారినావిడే. బొంబాయిలో వైద్యం చదివిన డాక్టరు, సారస్వత బ్రాహ్మణ కుటుంబం, పెళ్లి జరిగింది సివిల్ పద్ధతిలో, చేసుకున్నాయన ఆడవాళ్లకి హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లుని తలకెత్తుకున్న న్యాయ మంత్రి. అయినా పేరు మారింది. ఆయన మాత్రం ఆమెని చివరిదాకా పాత పేరులోని ముద్దుపేరుతో 'శారూ' అనే పిలిచాడు. ఆ ఫొటో కింద రాయాల్సింది ఇది: డాక్టర్ సవితా భీమరావ్ అంబేద్కర్, పుట్టింటి పేరు శారదా కబీర్, పెళ్లి 1948 ఏప్రిల్ 15, ఢిల్లీ.